రేగడి రాజ్యం సైన్యం ఇంటికి పోయిన నెల

నా పని పళ్లు చేయడం. ఆర్మూరులో ఒక పళ్ల డాక్టరు క్లినిక్ పైన ఉన్న రెండు గదుల్లో నా ల్యాబ్. డాక్టర్లు పేషెంటు నోట్లోంచి అచ్చు తీసి పంపిస్తారు. నేను అందులో డెంటల్ స్టోన్ పోస్తాను. అది పసుపుపచ్చని పొడి, నీళ్లు కలిపితే అరగంటలో రాయిలా గట్టిపడుతుంది. దాని మీద మైనంతో చిగుళ్లు దిద్ది, పళ్లు కూర్చి, కట్టుడు పళ్ల సెట్టు తయారుచేస్తాను. కలిపిన ప్రతిసారీ గిన్నె అడుగున రెండు చెంచాల స్టోన్ మిగిలిపోయేది. పారేయబుద్ధి కాక, దాంతో అంగుళం ఎత్తు సిపాయిలను పోయడం మొదలుపెట్టాను.

సిపాయిలే ఎందుకంటే చెప్పడం కష్టం. ఒకరోజు ఫోన్‌లో ఏదో వెతుకుతుంటే ఒక వీడియో తగిలింది. ఎక్కడో చలిదేశంలో తల నెరిసిన నలుగురు మనుషులు పెద్ద బల్ల మీద చిన్న చిన్న సిపాయిలను నిలబెట్టి, టేపుతో దూరాలు కొలుస్తూ, పాచికలు వేస్తూ, ఎక్కడా లేని దేశాల మధ్య యుద్ధం నడుపుతున్నారు. ఒక్క పూట యుద్ధం కాదు, ఏళ్ల తరబడి సాగే యుద్ధం. వాళ్ల ఇంగ్లీషు నాకు సగమే అర్థమైంది. అర్థంకాని సగాన్ని సొంతంగా కల్పించుకుని ఒక నోటుబుక్కులో రూల్సు రాసుకున్నాను. కిటికీ గట్టు మీద పళ్ల సెట్ల పక్కన ఆరుతున్న సైన్యాన్ని చూసి మా ఆవిడ, "ఇగ పండ్లు చేసుడు బందువెట్టి రాజ్యాలు ఏలుతవా?" అంది.

ఆడటానికి మొదట వచ్చింది సిస్టర్. ప్రభుత్వ దవాఖానలో స్టాఫ్ నర్సు. వాళ్లమ్మ పళ్ల సెట్టు తీసుకుపోవడానికి వచ్చి, సిపాయిలను చూసి, ఏంటివని అడిగింది. చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె ఒక సిపాయిని వెలుతురుకు పట్టుకుని చూసి, "నాకొక దేశం ఇస్తరా?" అంది.

రెండో మనిషి కాకా. నాకు చుట్టమేమీ కాదు, వయసును బట్టి అలా పిలవడం అలవాటైంది. మెండోర దగ్గరి ఊరు, పసుపూ మక్కజొన్నా వేస్తాడు, అరవై దాటాయి. నేను చేసిన సెట్టు కింది చిగురుకు గుచ్చుకుంటోందంటే డాక్టరు నా దగ్గరికి పైకి పంపించాడు. నేను సెట్టు అరగదీస్తున్నంతసేపూ బోసినోటితో కూర్చుని, ఒక సిపాయిని అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. సెట్టు నోట్లో పెట్టగానే ఆయన అడిగిన మొదటి మాట, "వీనికి బువ్వ ఎవలు పెడతరు?"

నా రూల్సులో బువ్వ ఊసే లేదు. ఆ సాయంత్రం కూర్చుని ఒక పేజీ కొత్తగా రాశాను. ప్రతి దళానికీ నెలకు ఇంత ధాన్యం అందాలి. రెండు నెలలు వరుసగా అందకపోతే సిపాయిలు పారిపోవడం మొదలవుతుంది, ఎంతమంది పోయారో పాచిక చెబుతుంది.

కాకా వెంట ఆయన బామ్మర్ది కూడా వచ్చి చేరాడు. పోచంపాడ్‌లో డ్యాం గేట్ల మరమ్మతు పనిలో ఉంటాడు, మోటారు సైకిలు మీద బావను ఎక్కించుకుని వచ్చేవాడు. బావ ఆడే ఆట తాను ఊరికే చూస్తూ కూర్చోవడం అతని వల్ల కాలేదు.

ఒక పాత ఫ్లెక్సీని బోర్లా వేసి, తెల్లటి వెనక భాగం మీద గడులు గడులుగా మ్యాప్ గీశాను. ఎవరికో శుభాకాంక్షలు చెప్పిన ఫ్లెక్సీ అది. నవ్వుతున్న ముఖాలన్నీ బల్లకు ఆనుకుని ఉండేవి. పైన మూడు దేశాలు, మధ్యలో ఒక నది, దాని మీద ఒకే ఒక వంతెన. పగిలిన దవడ అచ్చులతో గుట్టలు చేశాను. కాకా తన దేశానికి రేగడి రాజ్యం అని పేరు పెట్టుకున్నాడు. బామ్మర్దిది తూముకోట. సిస్టర్‌ది సిరిమెట్ట. ఆమె తన సైన్యానికి ఇంట్లో ఎండిపోతున్న నెయిల్ పాలిష్ వేసింది, అందుకని సిరిమెట్ట సిపాయిలందరూ మెరూన్ రంగులో మెరిసేవాళ్లు.

ఆట పద్ధతి ఇది. ఒక ఆదివారం అంటే ఆ దేశాల్లో ఒక నెల. శుక్రవారం లోపల ముగ్గురూ తమ సైన్యాలు ఎటు కదలాలో చిట్టీ రాసి నాకు పంపాలి. ఒకరి చిట్టీ ఇంకొకరు చూడకూడదు. నేను ఏ దేశం తరఫునా ఆడను, పంచాయతీ పెద్దను. మూడు చిట్టీలూ చదివి మ్యాప్ మీద సైన్యాలను కదుపుతాను. రెండు సైన్యాలు ఒకే గడిలోకి వస్తే, ఆదివారం మధ్యాహ్నం బల్ల మీద సిపాయిలను నిలబెట్టి యుద్ధం ఆడతాం. ఎవరి రాజధాని అయినా శత్రువు చేతిలో ఒక నెల ఉంటే ఆ దేశం పోయినట్టే. సిస్టర్, బామ్మర్ది తమ చిట్టీలను ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టేవాళ్లు. కాకా మాత్రం కాగితం మీద రాసి, నాలుగు మడతలు పెట్టి, పొద్దున ఆర్మూరు వచ్చే పాలవ్యాను డ్రైవరు చేతికిచ్చి పంపేవాడు. గుండ్రటి అక్షరాలు, ప్రతి లైనూ మార్జిన్ దగ్గరే మొదలయ్యేది. వాటన్నిటినీ తేదీల వారీగా ఫైలులో పెట్టుకునేవాణ్ణి.

మక్కలు ఇంటికి చేరాక మొదలుపెట్టాం. నెల తిరిగేసరికి కాకా ఎలాంటివాడో అందరికీ తెలిసింది. బామ్మర్ది ఫిరంగులతో వంతెన మీదికి వస్తే కాకా సైన్యం ఎదురు నిలవలేదు. ఒక ఆదివారం వెనక్కి, మరో ఆదివారం ఇంకా వెనక్కి. బామ్మర్ది మీసం మెలేస్తూ వెంటపడ్డాడు. మూడో ఆదివారానికి అతని సైన్యం తన ధాన్యం కొట్లకు ఎంతో దూరంలో, కాకా దారి పొడవునా తగలబెట్టించిన పొలాల మధ్య నిలబడి ఉంది. నాలుగో ఆదివారం నుంచి అతని సిపాయిలు పారిపోసాగారు. కాకా ఒక్క సిపాయిని కోల్పోకుండా గెలిచాడు.

"మా బావ సంగతి మీకు తెల్వదు," అన్నాడు బామ్మర్ది, ఓడిపోయిన ఫిరంగులను డబ్బాలో సర్దుకుంటూ. "గింజలు సల్లి కోడిని పిలుస్తడు."

అప్పటి నుంచి కాకా ఏం చేసినా దాని వెనక ఏదో ఉందని మేం ముగ్గురం నమ్మేశాం. తర్వాత జరిగినదంతా ఆ నమ్మకం వల్లనే జరిగిందనుకుంటాను.

పసుపు తవ్వకాలు మొదలయ్యాక కాకా రెండు ఆదివారాలు రాలేదు. తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం, ఆయనకు తల గోక్కునే తీరిక లేదని బామ్మర్ది చెప్పాడు. చిట్టీలు మాత్రం పాలవ్యానులో వస్తూనే ఉన్నాయి. ఆయన రాని మొదటి వారం, శుక్రవారం వచ్చిన చిట్టీలో రెండే లైన్లు ఉన్నాయి.

"సైన్యం మొత్తం ఇంటికి పోవాలె. కోతలున్నయి."

అప్పటికి రేగడి రాజ్యం సైన్యం సిరిమెట్ట సరిహద్దులో నిలబడి ఉంది. ఇంటికి అంటే రాజధానికా, లేక సిపాయిలు ఎవరి ఊరికి వాళ్లు పోవాలా? కోతలున్నాయంటే ఆయన పొలంలోనా, మ్యాప్ మీదనా? నా నోటుబుక్కు మొత్తం తిరగేశాను. సైన్యం ముందుకు పోవచ్చు, వెనక్కి పోవచ్చు, నిలబడవచ్చు, పారిపోవచ్చు. ఇంటికి పోవడం గురించి ఎక్కడా లేదు. ఫోన్ చేసి అడుగుదామని నంబరు దాకా పోయి ఆగిపోయాను. ఇలా రాశావేంటని అడిగితే, తప్పు రాశావని నేనే చెప్పినట్టు అవుతుంది. పంచాయతీ పెద్ద అలా సైగ చేయకూడదు. చివరికి అరవై మంది సిపాయిలను మ్యాప్ మీద నుంచి తీసి మిఠాయి డబ్బాలో పడుకోబెట్టాను. రేగడి రాజ్యం రాజధానికి కాపలా లేకుండా పోయింది.

ఆదివారం బామ్మర్దీ సిస్టరూ వచ్చి పక్క దేశాల్లో తిరిగే తమ వేగులవాళ్లు ఆ నెల ఏం చూశారని అడిగారు. ఉన్నదే చెప్పాను. రేగడి రాజ్యంలో ఎక్కడా ఒక్క సిపాయి కూడా కనబడలేదన్నాను.

ఇద్దరూ మ్యాప్ మీదికి వంగి గడి గడీ వెతికారు.

"ఏడ దాచిండు కాకా?" అంది సిస్టర్.

"గదే గద పరేషాన్," అన్నాడు బామ్మర్ది. "పోదామంటె భయం, పోకుంటె భయం."

ఆ నెల అతను తన రాజధాని చుట్టూ కందకం తవ్వించాడు. సిస్టర్ తన సైన్యాన్ని ఒక గడి వెనక్కి జరిపింది. సైన్యమే లేని దేశాన్ని చూసి రెండు దేశాలు భయపడి దాక్కున్నాయి. డబ్బా నా బల్ల కిందే ఉంది, నేను చెప్పకూడదు.

తర్వాతి శుక్రవారం చిట్టీలో, "ఎడమ దిక్కు వంతెన కాయాలె" అని ఉంది. ఎడమ దిక్కున వంతెన లేదు, కాయడానికి సైన్యమూ లేదు. కొత్త వంతెన కట్టబోతున్నాడేమోనని నేనే ఒక అర్థం చెప్పుకున్నాను. ఆ తర్వాతి వారం వచ్చిన చిట్టీని ఎక్కడో చదివినట్టు అనిపించి ఫైలు తీసి చూస్తే, అది రెండు నెలల కిందట రాసిన చిట్టీయే. ఒక్క మాట తేడా లేదు. కాకపోతే ఈసారి ప్రతి లైనూ కాగితం మధ్యలో మొదలై కుడి అంచు దాకా పోయి, అక్కడ చోటు చాలక కిందికి జారింది. ఎడమ సగం ఖాళీ. ఆ ఖాళీ సగంలో ఏమైనా ఉందేమోనని కాగితాన్ని కిటికీ దగ్గర పెట్టి కూడా చూశాను.

ఆ ఆదివారం కాకా వచ్చాడు. బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని ఎక్కువ మాట్లాడలేదు, మధ్యలో కునుకు తీశాడు. పసుపు పనుల అలసట అనుకున్నాం. పోయేముందు నన్ను "బామ్మర్దీ, పోయొస్త" అన్నాడు. పరాచికం అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

మరుసటి శుక్రవారం నాలుగు మడతల కాగితం వచ్చింది. విప్పితే అందులో ఏమీ లేదు.

ఎవరికైనా చెప్పాలని అనిపించింది. సిస్టర్‌కు చెప్పవచ్చు, కానీ ఆమె శత్రుదేశపు రాణి. బామ్మర్దికి చెప్పవచ్చు, అతనూ శత్రువే. కాకాకు చెబితే అది సైగ. ఇప్పుడు రాస్తుంటే ఎంత తెలివితక్కువగా ఉందో నాకు కనబడుతోంది. అప్పుడు మాత్రం నిజంగా అలాగే ఆలోచించాను. ఏం రాయకపోతే ఏమీ చేయనట్టు అని నోటుబుక్కులో రాసుకుని ఆ కాగితాన్ని కూడా ఫైలులో పెట్టాను.

ఆ వారం సిస్టర్‌కు ఓపిక నశించింది. మెరూన్ సైన్యాన్ని నేరుగా రేగడి రాజ్యం రాజధానిలోకి నడిపించమని రాసింది. ఆదివారం చర్చి అయ్యాక రెండు గంటలకు వచ్చింది. కాకా, బామ్మర్ది అప్పటికే కూర్చుని ఉన్నారు. నేను మెరూన్ సిపాయిలను తీసుకుపోయి రాజధాని గడిలో పెట్టాను. అడ్డుకునేవాళ్లు ఎవరూ లేరు. డబ్బాలోంచి రేగడి సిపాయిలను తీసి కాకా ముందు పెట్టి, సైన్యం ఇళ్లలో ఉండగానే రాజధాని పోయిందని చెప్పాను.

కాకా తన సిపాయిల వైపు చూశాడు. ఒకణ్ణి వేలితో తాకాడు.

"గివి ఎవరియి?" అని అడిగాడు.

బామ్మర్ది పకపకా నవ్వాడు. "సూసినవా సిస్టరూ, ఓడిపోంగనె నాటకం."

సిస్టర్ నవ్వలేదు. ఆమె కాకా చేతుల వైపు చూస్తోంది. ఆయన ఎడమచేతిలో ఉన్న టీ గ్లాసును బల్ల మీద పెట్టబోయి అంచుకు అవతల, గాలిలో పెట్టాడు. గ్లాసు కింద పడి పగిలింది. ఆయన ఆ చప్పుడుకు తల తిప్పలేదు. అప్పుడు నేనూ చూశాను, ఆయన కుడి కాలికే చెప్పు ఉంది. ఎడమ చెప్పు మెట్ల మీద ఎక్కడో జారిపోయింది, ఆయనకు తెలియలేదు.

"కాకా రాసిన చిట్టీలు ఏడున్నయి?" అంది సిస్టర్ నాతో.

"ఆట నడుస్తున్నది గద సిస్టర్. చిట్టీలు చూపెట్టొద్దు," అన్నాను. ఈ మాట అన్నది నేనే.

"ఆట పక్కకు పెట్టుండ్రి. జర ఫైలు తియ్యుండ్రి."

తీశాను. ఆమె కాకా చిట్టీలన్నీ ఒక్కొక్కటిగా విప్పి, మ్యాప్ మీద, నదికి అడ్డంగా వరుసగా పేర్చింది. విడివిడిగా చూసినప్పుడు నాకు కనబడనిది అప్పుడు కనబడింది. మొదట్లో లైన్లు మార్జిన్ దగ్గర నిటారుగా ఉన్నాయి. పసుపు తవ్వకాల నుంచి ఒక్కో వారం కొంచెం కొంచెంగా కుడివైపుకు జరుగుతూ, కిందికి వాలుతూ వచ్చాయి. చివర ఖాళీ కాగితం.

"కాకా, మీకు ఈ మధ్యన తలకు ఏమన్న దెబ్బ తగిలిందా?"

"లేదు బిడ్డా. దెబ్బేంది," అన్నాడు కాకా.

బామ్మర్ది నవ్వు అప్పటికే ఆగిపోయింది. "తగిలింది," అన్నాడు మెల్లగా. "పసుపు లోడు దించంగ ట్రాలీ డోరు వచ్చి చెవి పైన తగిలింది. గది ఎప్పటిదో. నెత్తురు గూడ రాలే. గా పొద్దే మళ్ల పనిచేసిండు."

"కారు కావాలె, ఇప్పుడే," అంది సిస్టర్.

కింద క్లినిక్ డాక్టరును అడిగి ఆయన కారు తీసుకున్నాం. నిజామాబాద్ దాకా కాకా కిటికీలోంచి బయటికి చూస్తూ, ఎక్కడికి పోతున్నామని నాలుగుసార్లు అడిగాడు. నాలుగుసార్లూ సిస్టర్ విసుక్కోకుండా, "స్కానింగ్ కాడికి కాకా," అని చెప్పింది. నా జేబులో రేగడి సిపాయి ఒకడు ఉన్నాడు. ఎప్పుడు వేసుకున్నానో తెలియదు.

స్కానింగ్ ఫిలిం చూపించి డాక్టరు వివరించాడు. పుర్రెకూ మెదడుకూ మధ్య, కుడివైపున, నెలవంకలాంటి చార ఉంది. దెబ్బ తగిలినప్పుడు లోపల ఒక సన్నటి నరం చిట్లి, చుక్క చుక్కగా కారిన రక్తం వారాల తరబడి పేరుకుంటూ మెదడును నొక్కుతోందట. కుడివైపు నొక్కితే ఎడమవైపు చేయి, కాలు, చూపు, ధ్యాస అన్నీ మందగిస్తాయట. వయసు మీదపడినవాళ్లలో ఇది చాలామందికి మతిమరుపులా కనబడుతుందని, ఇంట్లోవాళ్లు వయసు కదా అని వదిలేస్తారని చెప్పాడు. ఇంకో వారం ఆలస్యమైతే చెప్పలేమన్నాడు. రెండు చిన్న రంధ్రాలు చేసి ఆ పాత రక్తాన్ని తీసేస్తే మళ్లీ మామూలు అయ్యే అవకాశం ఉందన్నాడు.

మర్నాడు ఆపరేషన్ అయింది. ఆ సాయంత్రం వరండాలో కాకా భార్య నా పక్కన కూర్చుని, "మీరు ఆదివారం ఆదివారం ఏం ఆడుతరయ్యా, నాకు ఒక్కనాడు సమజ్ కాలే," అంది. వివరించబోయాను. లేని దేశాలు, నది, ధాన్యం, చిట్టీలు. నా మాటలు నాకే అయోమయంగా వినబడ్డాయి. ఆమె అంతా విని, "మంచిదేనా మరి గా ఆట?" అని అడిగింది. ఆ చిట్టీలే ఆయన్ను ఇక్కడికి తెచ్చాయి. అవే చిట్టీలను దగ్గర పెట్టుకుని నేను మూడు వారాలు నోరు మూసుకున్నాను. రెండూ నిజమే.

కాకా లేచి తిరిగేసరికి ఎండలు ముదిరాయి. ఒక ఆదివారం బామ్మర్ది మోటారు సైకిలు మీదే వచ్చాడు. గుండు మీద అప్పుడే మొలుస్తున్న తెల్ల వెంట్రుకలు, కుడి చెవి పైన కుట్ల గుర్తులు, తలకు తువ్వాలు. మెట్లు తానే ఎక్కాడు. వచ్చి కూర్చోగానే, "నా చిట్టీలు సూపెట్టు," అన్నాడు.

ఫైలు ఇచ్చాను. అద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటీ చదివాడు. ఎడమ దిక్కు వంతెన దగ్గర ఆగి, "గిది నేనే రాసిన్నా?" అన్నాడు. పాత చిట్టీని మళ్లీ రాసింది చూసి తల అడ్డంగా ఊపాడు. ఖాళీ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి కింద పెట్టాడు. కానీ సైన్యం ఇంటికి పోవాలన్న చిట్టీ దగ్గరికి వచ్చేసరికి ముఖం మారింది.

"గిది మాత్రం సోయిల ఉండి రాసిందే," అన్నాడు.

"బావా, గప్పటికే దెబ్బ తగిలి పది దినాలు," అన్నాడు బామ్మర్ది.

"తగిలితే తగలనియ్యి. నాకు మంచిగ యాదికున్నది." నా వైపు తిరిగాడు. "నీ పుస్తకం తియ్యి. రెండు నెలలు బువ్వ లేకపోతే సైన్యం పారిపోతదని రాసినవా లేదా? సరిహద్దు కాడ మావోళ్లకు నెల నుంచి గింజ లేదు. ఇంకో నెలైతే పారిపోతుండె. పారిపోయినోడు మళ్ల రాడు. ఇంటికి పంపినోడు కోతలైనంక వస్తడు. అందుకె పంపిన."

నోటుబుక్కు తీసి చూశాను. లెక్క సరిగ్గా ఆయన చెప్పినట్టే ఉంది. ఆ నెల రేగడి సైన్యానికి ధాన్యం అందలేదు. నేనే రాసుకున్నాను, నేనే గమనించలేదు. అయితే ఆ చిట్టీ నిజంగా తెలివితో రాసిందేనా? లేక రక్తం నొక్కుతుండగా తన పొలంలో కూలీలను తలచుకుని రాసిన దానికి ఇప్పుడు కూర్చుని అర్థం అల్లుతున్నాడా? అక్షరాలు చూశాను. ఆ రెండు లైన్లూ మార్జిన్‌కు కొద్దిగా, చాలా కొద్దిగా కుడివైపున ఉన్నాయి. మనిషి తొందరలో రాసినా అంత మాత్రం జరుగుతాయి. సిస్టర్‌ను అడిగితే ఆమె కూడా, "చెప్పలేం," అంది.

"రాజధాని సంగతేంది మరి?" అన్నాడు కాకా.

"గది కాకాదే," అంది సిస్టర్. "మనిషికి బాగలేనప్పుడు పట్టుకున్న ఊరు నాకొద్దు."

"అట్లెట్లైతది? పట్టుకున్నది పట్టుకున్నట్టే. నా కాపలా లేకపాయె, నువ్వు వచ్చినవు. రాజ్యమంటె గంతే."

"నాకొద్దు కాకా."

"నాకు బిచ్చం వద్దు బిడ్డా."

ఇద్దరూ నా వైపు చూశారు. బామ్మర్ది కూడా చూశాడు, ఎందుకంటే ఏ తీర్పు వచ్చినా దాని పక్కన ఉండాల్సిన దేశం అతనిదే. ఆపరేషన్ ముందటి నాలుగు చిట్టీలూ చెల్లవంటే, సైన్యం ఇంటికి పోవడం కూడా చెల్లదు, కాకా దానికి ఒప్పుకోడు. చెల్లుతాయంటే ఆయన దేశం పోయినట్టే, దానికి సిస్టర్ ఒప్పుకోదు. కొన్ని చెల్లుతాయి, కొన్ని చెల్లవంటే, ఏ రోజు వరకు కాకా కాకాగా ఉన్నాడో నేను గీత గీయాలి. పళ్లు చేసుకునే నాకు అది ఎలా తెలుస్తుంది? వచ్చే ఆదివారం చెబుతానన్నాను. వచ్చే ఆదివారం కూడా అదే మాట అన్నాను.

తీర్పు నేను చెప్పకముందే వాళ్లే ఏదో మాట్లాడుకున్నారు. మూడో ఆదివారం సిస్టర్ వచ్చి, రాజధాని తన దగ్గరే ఉంటుందని, కాకా తన సైన్యానికి సేనాపతిగా ఉంటాడని చెప్పింది. కోతలయ్యాయి కాబట్టి కాకా ఇంటికి పంపిన అరవై మందీ తిరిగి వచ్చారు. మెరూన్ వాళ్లు, రేగడివాళ్లు కలిసి ఒకే దండుగా నిలబడ్డారు. ఇది ఒక దేశమా, రెండు దేశాలా అని అడిగాను. రాసుకోవాలి కదా.

"ఏదో ఒకటి రాయి," అన్నాడు కాకా. "అన్నం మాత్రం ఇద్దరికీ పెట్టు."

బామ్మర్ది మాత్రం ఇది అన్యాయమన్నాడు. రెండు వారాలు మూతి ముడుచుకుని ఆడాడు. మూడో వారం కాకా నడిపిన దండు కందకం దాటకుండానే తూముకోటకు ధాన్యం పోయే దారిని పట్టుకుంది. రెండు ఆదివారాలు ధాన్యం అందకపోయాక బామ్మర్ది తన సిపాయిలు ఎంతమంది పారిపోయారో చెప్పే పాచికను చేతిలో పట్టుకుని, వేయకుండా, బావ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత, "మంచిగైనవ్ బావా," అని పాచిక వేశాడు.

ఆపరేషన్ తర్వాత కాకా బాగా చిక్కిపోయాడు, దవడ తగ్గి కింది సెట్టు వదులైంది. మొన్న దాన్ని సరిచేయించుకోవడానికి ఒక్కడే వచ్చాడు. ఎవరూ లేరు కాబట్టి, నాలో ఉన్నది చెప్పేశాను. ఖాళీ కాగితం వచ్చిన రోజే నాకు అనుమానం వచ్చిందని, దానికి ముందు కూడా వచ్చిందని, ఆట చెడిపోతుందని చెప్పలేదని.

ఆయన బోసినోటితో ఉన్నాడు, సెట్టు నా చేతిలో ఉంది.

"నువ్వు అడిగినా నేను చెప్పకపోదును," అన్నాడు. పళ్లు లేక మాట మెత్తగా వచ్చింది. "మంచిగనె ఉన్న అందును. నాకు మంచిగనె ఉండె గద. గదే నాకు ఇంకా సమజ్ కాని ముచ్చట. గా దినాలల్ల నాకు ఏం తేడా కొట్టలే. అన్నీ సక్కగనె రాస్తున్న అనుకున్న."

నన్ను తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. నేను సెట్టు లోపల కొత్త పూత పోసి, అది గట్టిపడ్డాక మెషిన్ ఆన్ చేసి అంచు అరగదీయసాగాను. ఆయన చేయి చాపి, గట్టు మీద కొత్తగా పోసిన సిపాయిలను, ఇంకా రంగు వేయనివాళ్లను, ఎడమవైపు నుంచి ఒక్కొక్కరినే లెక్కపెడుతూ కూర్చున్నాడు.